‘మీకు ట్రెక్ ఫ్రీ మేడం’ అంటే జీతం ఇచ్చినట్టేనా? కొండలెక్కే బృందాలతో వెళ్లే డాక్టర్లు, నర్సులు మాట్లాడండి

క్యాజువాలిటీ_హన్మకొండ | శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా మనసులో నలుగుతున్న సంగతి ఇది. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో డాక్టర్‌ని. కొండలంటే పిచ్చి. 2014 మే 25న మన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారని పేపర్లో చదివాక నేనూ భువనగిరి గుట్ట దగ్గర తాడు పట్టుకోవడం నేర్చుకున్నాను. ఈ మధ్య ఒక ట్రెకింగ్ సంస్థ వాళ్లు ఫోన్ చేసి, “ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి 18 మందిని తీసుకెళ్తున్నాం, మీరు గ్రూప్ డాక్టర్‌గా రండి, మీకు ట్రెక్ ఫ్రీ మేడం” అన్నారు. సంతోషం పట్టలేక వెంటనే ఒప్పుకున్నాను. 16 రోజులు జీతం లేని సెలవు పెట్టాను.

బేస్ క్యాంప్ దారిలో ఉన్న లోబుచేలో, అంటే 4,940 మీటర్ల దగ్గర, రాత్రి ఒంటిగంటన్నరకు తలుపు కొట్టారు. మా బృందంలో 52 ఏళ్ల ఆయన మంచం మీద కూర్చుని ముందుకు వంగి ఊపిరి కోసం కొట్టుకుంటున్నారు. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నారు. స్టెతస్కోప్ చల్లగా ఉంటే అరచేతిలో రుద్ది వీపు మీద పెట్టాను. రెండు వైపులా చిటపటలు. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ రక్తంలో ఆక్సిజన్ 58 శాతమే చూపించింది. దగ్గితే రుమాలు మీద గులాబీ రంగు నురగ. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, అదే మనవాళ్లు హేప్ అనేది. వెంటనే కిందికి దించాలి, అంతకు మించిన మందు లేదు.

ఉన్నది ఒకే ఆక్సిజన్ సిలిండర్. ముల్లు పావు దగ్గర ఉంది. టీమ్ లీడర్ “తెల్లారనివ్వండి, హెలికాప్టర్ పిలుద్దాం” అన్నాడు. నేను ఇప్పుడే దించాలన్నాను. అప్పుడు అతను అన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది: “మీరు మా గెస్ట్‌గా వచ్చారు మేడం, నిర్ణయం మాది.”

అరగంట వాదించాను. ఆ అరగంట ఆ మనిషి ఊపిరి లెక్కపెట్టుకుంటూ వాదించాను. చివరికి ఇద్దరు పోర్టర్లు ముందుకొచ్చారు. వంతులవారీగా వీపున మోసుకుంటూ రాళ్ల దారిలో హెడ్‌ల్యాంప్ వెలుగులో దిగి, ఉదయం ఆరింటికి 4,371 మీటర్ల ఫేరిచేలోని హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్‌కి చేర్చాం. ఆయన బతికారు.

ఆ ఇద్దరూ టీ తాగి, బృందం సామాను మోయడానికి మళ్లీ పైకి ఎక్కారు. ఆ రాత్రి పనికి వాళ్లకు సంస్థ ఏమీ ఇవ్వలేదు. నా దగ్గరున్న డబ్బు చెరికొంత ఇచ్చాను. నేను కొన్న మందుల బిల్లు డబ్బు కూడా ఇంతవరకు రాలేదు. దానికన్నా ఆ ‘గెస్ట్’ అన్న మాటే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. నాకు జీతం ఇచ్చి, కాగితం మీద నా పని ఏంటో రాసి ఉంటే ఆ మాట అనగలిగేవాడా? ఇలాంటి పనికి మీరు ఏం అడుగుతున్నారు, ఏం ఇస్తున్నారు? దయచేసి చెప్పండి.

రిగ్_మెడిక్_కాకినాడ | శనివారం రాత్రి 11:20

మేడం, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ముందు మీకు దండం.

నేను కేజీ బేసిన్‌లో, సముద్రంలో చమురు తవ్వే డ్రిల్లింగ్ రిగ్ మీద మెడిక్‌ని, అంటే అక్కడ వైద్యం చూసే మనిషిని. 28 రోజులు సముద్రంలో, 28 రోజులు ఇంట్లో. కొన్ని ట్రిప్పుల్లో వేలికి కట్టు కట్టడం, కడుపునొప్పికి మాత్రలివ్వడం తప్ప పనే ఉండదు. అయినా పూర్తి జీతం పడుతుంది. మొదట్లో నాకే మొహమాటంగా ఉండేది. మా సీనియర్ ఒకాయన చెప్పారు: “నువ్వు కట్టిన కట్లకు కాదు తమ్ముడూ, రాత్రి రెండింటికి లేపితే లేస్తావని ఇస్తున్నారు.” మీ పనీ అంతే. 16 రోజులు 24 గంటలు మీరు డ్యూటీలో ఉన్నట్టే. పగలు అందరితో పాటు నడిచి, రాత్రి అందరి దగ్గులూ వింటూ పడుకున్నారు. దాన్ని సరదా ట్రిప్ అని ఎలా అంటారు?

ఇంకో తేడా చూడండి. మాకు ఒడ్డున ఎప్పుడైనా ఫోన్‌కి దొరికే డాక్టర్ ఉంటారు. “ఇతన్ని ఒడ్డుకు పంపాలి” అని నేను రాస్తే ఆ మాట రికార్డులో ఉంటుంది. దాన్ని పక్కన పెట్టేవాడు సంతకం పెట్టి పక్కన పెట్టాలి. మీకు ఆ సంతకం అడిగే హక్కు లేకుండా పోయింది.

లీడ్స్_గోపి | ఆదివారం ఉదయం 6:05

నేను బ్రిటన్‌లో ఎమర్జెన్సీ మెడిసిన్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ విరాళాలు పోగుచేయడానికి చేసే ఛారిటీ ట్రెక్‌ల కోసం డాక్టర్లను, పారామెడిక్‌లను తీసుకెళ్లడం ఎప్పటినుంచో ఉంది. అయినా పరిస్థితి అక్కడితో పోలిస్తే గొప్పగా ఏమీ లేదు. కొన్ని ప్రకటనల్లో విమానం టికెట్, భోజనం మాత్రమే. కొన్నిట్లో టికెట్ సగం మనమే పెట్టుకోవాలి. “అనుభవం వస్తుంది కదా” అంటారు. నేను ఆఫ్రికాలోని కిలిమంజారో కొండకి వెళ్లినప్పుడు తొమ్మిది రోజుల సెలవు, మానేసిన తాత్కాలిక (locum) షిఫ్టులు, కొన్న కిట్ అన్నీ కలిపి లెక్కేస్తే నేనే సంస్థకు డబ్బిచ్చి పనిచేసినట్టు తేలింది.

అక్కడ ఒక మంచి పద్ధతి మాత్రం కళ్లారా చూశాను. గేటు దగ్గర పోర్టర్ల మూటలను కాటాలో తూచి పంపిస్తారు. 20 కిలోలు దాటితే దించి ఇంకొకరికి పంచాలి. ఆ రూలు దానంతట అది రాలేదు, పోర్టర్ల కోసం నిలబడిన వాళ్లు ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. మనకి అలాంటి కాటా లేదు. ఒక్క డాక్టర్‌కి ఎంతమంది యాత్రికులు, ఎన్ని సిలిండర్లు అన్నది ఎవరూ తూచడం లేదు.

ట్రెక్_నడిపే_విశాఖ | ఆదివారం ఉదయం 9:48

నేను అవతలి పక్షం వాణ్ణి. చిన్న ట్రెకింగ్ సంస్థ నడుపుతున్నాను. మేడం గారికి జరిగింది తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ మా ఇబ్బంది కూడా వినండి. కస్టమర్ పది వెబ్‌సైట్లు చూసి వెయ్యి రూపాయలు తక్కువున్న చోటికి వెళ్తాడు. ఒక సీటు డాక్టర్‌కి ఫ్రీగా ఇస్తే ఆ పర్మిట్, గది, భోజనం ఖర్చు మేమే భరిస్తాం. ఉత్తరాఖండ్‌లో ఆరు రోజుల ట్రెక్‌కి డాక్టర్‌ని జీతానికి పెడితే మాకు మిగిలేది లేదు. అందుకే అక్కడ ప్రథమ చికిత్స శిక్షణ ఉన్న లీడర్‌తో సరిపెడతాం.

ఇంకోటి, మేం ఫ్రీ సీటు అని ప్రకటన పెడితే ఒక్క రోజులో ముప్పై నలభై మంది డాక్టర్లు మెసేజ్ చేస్తారు. మేం ఎవరినీ బలవంతపెట్టడం లేదు కదా.

పాడేరు_స్టాఫ్‌నర్స్ | ఆదివారం మధ్యాహ్నం 1:15

అన్నా, మీ లెక్క నేను వేస్తాను, తప్పుంటే చెప్పండి. మేడం వెళ్లింది 16 రోజులు. రోజుకు 4,000 చొప్పున ఇచ్చినా 64,000. దాన్ని 18 మందికి పంచితే మనిషికి 3,556 రూపాయలు. బూట్లకు, జాకెట్‌కు అంతకు మూడింతలు పెట్టే కస్టమర్ ఈ 3,556 ఎందుకు కట్టడు? “డాక్టర్ తోడుగా ఉంటారు” అని మీ పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో వేసుకుంటారు కదా. ఆ మాట అమ్ముకుంటున్నప్పుడు దాని ధర ఆ మనిషికి చేరాలి.

నేను నర్సుని. రెండుసార్లు స్కూలు పిల్లల బృందాలతో కొండల మీదకు వెళ్లాను. డాక్టర్‌కి కనీసం ఫ్రీ సీటు ఇస్తారు, నర్సు అంటే “పిల్లలను చూసుకునే అక్క” అయిపోతుంది. మొదటిసారి నాకు విడిగా టెంట్ లేదు, సామాను టెంట్‌లో పడుకోమన్నారు. మందుల పెట్టె పక్కన, పప్పు మూటల మధ్య పడుకున్నాను. రాత్రి ఒక పాపకు వాంతులు మొదలైతే మగవాళ్ల టెంట్ల మధ్యలోంచి ఒంటరిగా టార్చి పట్టుకుని వెళ్లాలి. ఆడవాళ్లను ఈ పనికి పిలిచేటప్పుడు పడుకునే చోటు, బాత్రూమ్, రాత్రి తోడు వచ్చే మనిషి గురించి ముందే మాట్లాడాలి. జీతం ఎంత ముఖ్యమో ఇవీ అంతే.

వకీలు_గుంటూరు | ఆదివారం సాయంత్రం 4:30

చట్టం వైపు నుంచి ఒక హెచ్చరిక. “నేను డబ్బు తీసుకోలేదు కాబట్టి నా మీద కేసు ఉండదు” అని చాలామంది డాక్టర్లు అనుకుంటున్నారు. వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో చెప్పింది. అందరికీ పూర్తి ఉచితంగా చేసే సేవకే మినహాయింపు. ఇక్కడ యాత్రికులు సంస్థకు డబ్బు కట్టారు, ఆ ప్యాకేజీలోనే డాక్టర్ ఉన్నారు. అది ఉచిత సేవ అని వాదించడం కష్టం. అంటే మీకు డబ్బు రాలేదు గానీ బాధ్యత వచ్చింది.

మీ ఇండెమ్నిటీ పాలసీ, అంటే వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు వేస్తే ఆదుకునే బీమా, కాగితం తీసి ఒక్కసారి చూడండి. చాలావాటిలో ‘భారతదేశ పరిధి’ అని ఉంటుంది. ఎవరెస్ట్ దారి మొదలయ్యే లుక్లాలో విమానం దిగగానే ఆ కాగితం మీకు పనికిరాకపోవచ్చు. నేపాల్‌లో విదేశీ డాక్టర్ వైద్యం చేయాలంటే అక్కడి మెడికల్ కౌన్సిల్ దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్ విషయం కూడా తేల్చుకోవాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తీసుకెళ్లే సంస్థదే అని ఒప్పందంలో రాయించుకోండి.

హౌస్‌సర్జన్_కర్నూలు | ఆదివారం రాత్రి 8:02

అక్కా, అన్నలూ, నాది ఒక చిన్న డౌట్. నేను ఇప్పుడు హౌస్‌సర్జన్‌ని. వచ్చే నెల ఒక హిమాలయ ట్రెక్‌కి ఇలాగే ఫ్రీ సీటు వచ్చింది. ఇంట్లో డబ్బు అడిగే పరిస్థితి లేదు, ఇలా తప్ప నేను మంచు చూడలేను. వెళ్లమంటారా?

క్యాజువాలిటీ_హన్మకొండ | ఆదివారం రాత్రి 8:40

తమ్ముడూ, నీ ఆశ నాకు అర్థమవుతుంది, నేనూ అలా వెళ్లినదాన్నే. కానీ గ్రూప్ డాక్టర్‌గా మాత్రం వెళ్లొద్దు. నీకు ఇప్పుడున్నది ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్. అది నీ ఇంటర్న్‌షిప్ ఆసుపత్రిలో సీనియర్ల కింద పనిచేయడానికి మాత్రమే. అక్కడ నువ్వు ఒక్కడివే ఉంటావు. ఏదైనా జరిగితే సంస్థ వాళ్లు నీ పేరు ముందుకు తోస్తారు.

పైగా ఎత్తు మీద జబ్బు మన వార్డుల్లో కనపడదు. తలనొప్పి అని వచ్చిన మనిషిని ఒక కాలి బొటనవేలికి రెండో కాలి మడమ ఆనిస్తూ గీత మీద నడవమనాలి. తూలితే మెదడు వాచిందని అనుమానించి అప్పటికప్పుడు డెక్సామెథసోన్ ఇచ్చి దించాలి. చలిలో అందరూ తూలుతున్నట్టే ఉంటారు. అలసిపోయి తూలేవాడెవడు, మెదడు వాచి తూలేవాడెవడు అన్నది రెండు మూడుసార్లు సీనియర్ పక్కన నిలబడి చూస్తే గానీ తెలియదు. రిజిస్ట్రేషన్ వచ్చాక మౌంటెన్ మెడిసిన్ కోర్సు చెయ్యి. అప్పుడు జీతం అడిగి వెళ్లు.

అమర్‌నాథ్_డ్యూటీ | ఆదివారం రాత్రి 9:25

ప్రభుత్వ డాక్టర్‌ని. అమర్‌నాథ్ యాత్రకు రాష్ట్రాల నుంచి డాక్టర్లను డెప్యుటేషన్ మీద పంపుతారు, అలా ఒకసారి వెళ్లాను. గుహ 3,888 మీటర్ల దగ్గర ఉంటుంది. రోజుకు వందల మందిని చూశాం. నిద్ర లేదు, చేతులు కొంకర్లు పోయేవి. కానీ ఒక్క విషయంలో మనసు ప్రశాంతంగా ఉండేది: నేను డ్యూటీలో ఉన్నాను. జీతం ఆగదు. ఎనిమిది గంటల తర్వాత ఇంకో డాక్టర్ వచ్చి కుర్చీలో కూర్చుంటారు. “ఈ మనిషి పైకి వెళ్లకూడదు” అంటే ఆపడానికి పోలీసులు ఉన్నారు. టీఏ బిల్లు మాత్రం తిరిగి తిరిగి చాలా నెలలకు వచ్చింది, అది వేరే బాధ.

ప్రైవేటు ట్రెక్‌లో మేడం ఒక్కరే. ఆమెకే జ్వరమొస్తే? ఆమెకే తల తిరిగితే? డాక్టర్‌కి ఎత్తు జబ్బు రాదని ఎక్కడా రాసి లేదు. నాకు రెండో రోజే వచ్చింది.

లీడ్స్_గోపి | ఆదివారం రాత్రి 11:10

ఈ మాట చాలా ముఖ్యం. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపం వచ్చినప్పుడు ఎవరెస్ట్ బేస్ క్యాంప్ మీద మంచు విరుచుకుపడింది. చనిపోయినవాళ్లలో ఒక బృందం వెంట వెళ్లిన వైద్య సహాయకురాలు కూడా ఉన్నారు. వైద్యం చేయడానికి వెళ్లినవాళ్ల ప్రాణానికీ బీమా ఉండాలి, వాళ్లనూ కిందికి దించే ఖర్చు అందులో ఉండాలి. యాత్రికుల జాబితాలో మన పేరు చేర్చి అదే టూరిస్టు పాలసీ తీసుకుంటే సరిపోదు. పనిమీద వెళ్లినవాళ్లకు అది వర్తించదని మెలిక పెట్టే పాలసీలు ఉన్నాయి.

ఇంకో రకం ఒత్తిడి కూడా చెప్పాలి. మేడం గారికి ‘దించొద్దు’ అనే ఒత్తిడి వచ్చింది. దీనికి తలకిందులుగా, అవసరం లేకపోయినా ‘హెలికాప్టర్ కావాలని రాయండి’ అనే ఒత్తిడీ ఉంటుంది. నేపాల్‌లో బీమా డబ్బు కోసం నడిచిన దొంగ హెలికాప్టర్ రెస్క్యూల మీద 2018లో అక్కడి ప్రభుత్వం విచారణ జరిపించింది. సంస్థ దయ మీద ఉన్న డాక్టర్ ఈ రెండింటికీ లొంగిపోయే ప్రమాదం ఉంది. రోజు కూలీ ముందే చేతిలో పడితే, మాట నిక్కచ్చిగా చెప్పగలుగుతాం.

రిగ్_మెడిక్_కాకినాడ | సోమవారం ఉదయం 7:30

కిట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మందుల పెట్టె ఎవరు కొనాలి? నేను ఒకసారి సెలవుల్లో లద్దాఖ్ వైపు ఒక బృందంతో వెళ్లాను. “మీ డాక్టర్లకు శాంపిల్స్ వస్తాయి కదా, పట్టుకొచ్చేయండి” అన్నారు. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్, నిఫెడిపిన్, డెక్సా ఇంజెక్షన్లు అన్నీ సొంత డబ్బుతో కొన్నాను. నొప్పి తగ్గించే ట్రమడాల్ పెట్టుకుందామంటే అది 2018 నుంచి మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది, కాగితాలు లేకుండా సంచిలో పెట్టుకుంటే చెక్‌పోస్టులో నేనే నేరస్థుణ్ణి. శాటిలైట్ ఫోన్ అంతే, మన దేశంలో అనుమతి లేకుండా పట్టుకుంటే లోపలేస్తారు. ఇవన్నీ సంస్థ పేరు మీద, సంస్థ ఖర్చుతో, బయల్దేరే ముందే సిద్ధంగా ఉండాలి. సిలిండర్లు ఎన్ని, నిండుగా ఉన్నాయా లేదా అని మెడిక్ చూసి సంతకం పెట్టాకే బస్సు కదలాలి.

ట్రెక్_నడిపే_విశాఖ | సోమవారం మధ్యాహ్నం 12:50

నిన్నటి నుంచి అన్నీ చదువుతున్నాను. నర్సు అక్క వేసిన లెక్క నేను మళ్లీ వేసుకున్నాను, సరిగ్గానే ఉంది. మా ఆఫీసులో మాట్లాడాం. నాలుగు వేల మీటర్లు దాటే ట్రిప్పులకు ఇకనుంచి మెడిక్‌కి రోజు లెక్కన డబ్బు ఇస్తాం. ప్రయాణం రోజులు, ఎత్తుకు అలవాటు పడే రోజులు కూడా లెక్కలోకి వస్తాయి. సగం బయల్దేరే ముందు, సగం తిరిగొచ్చిన వారంలో. కస్టమర్‌కి ఇచ్చే రసీదులో ‘వైద్య సేవ’ అని విడిగా చూపిస్తాం. కొంతమంది వెళ్లిపోతారేమో, చూద్దాం.

చిన్న ట్రెక్‌లకు ఇప్పుడే మాట ఇవ్వలేను. అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు.

దించాలా వద్దా అన్న విషయంలో మాత్రం మా లీడర్లు ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది. దారి, వాతావరణం వాళ్లకే తెలుసు. రాత్రి మంచు కురుస్తుంటే దించడం కూడా ప్రమాదమే కదా మేడం?

క్యాజువాలిటీ_హన్మకొండ | సోమవారం సాయంత్రం 6:15

మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. దారి గురించి లీడర్ మాటే వినాలి. కానీ రోగి గురించి నా మాట వినాలి. ఒప్పందంలో ఇలా రాస్తే చాలు: “మెడిక్ దించమంటే, ఏ దారిలో ఎలా దించాలో లీడర్ నిర్ణయిస్తారు. దించకూడదని లీడర్ అనుకుంటే కారణం, టైమ్ రాసి సంతకం పెట్టాలి.” రిగ్ మెడిక్ అన్న చెప్పిన సంతకం ఇదే. ఆ రాత్రి ఇలాంటి కాగితం ఉంటే అరగంట వాదన ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

మీరు ముందుకు వచ్చినందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు అన్నా. ఒక్క మాట కలపండి. స్వచ్ఛందంగా చేసే పనిని నేను తక్కువ చేయడం లేదు. ఫేరిచే క్లినిక్‌లో డాక్టర్లు వాలంటీర్లుగానే వస్తారు, మధ్యాహ్నం మూడింటికి దారిన పోయేవాళ్లందరినీ కూర్చోబెట్టి ఎత్తు జబ్బు గురించి చెప్తారు, పోర్టర్లను కూడా చూస్తారు. అది లాభం కోసం నడిచేది కాదు. అలాంటి చోట ఉచితంగా పనిచేయడానికి నేనూ సిద్ధమే. టికెట్లు అమ్మే సంస్థకు ఉచితంగా పనిచేయడం వేరు.

పాడేరు_స్టాఫ్‌నర్స్ | సోమవారం రాత్రి 7:50

అన్నా, ఆ రోజు లెక్క నర్సుకు, పారామెడిక్‌కు కూడానా, లేక డాక్టర్‌కేనా? ఇక్కడే రాయండి. ఇంకోటి, మెడిక్ పోర్టర్లను చూడాలా వద్దా అన్నది కూడా ఒప్పందంలో ఉండాలి. “కస్టమర్లకు తెచ్చిన మందులు కూలీలకు వాడొద్దు” అని నా చెవులతో విన్నాను. 2014లో ఎవరెస్ట్ దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్ దగ్గర మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు పోతే నేపాల్ ప్రభుత్వం మొదట కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు ఇస్తామంది. షెర్పాలు పని ఆపేసి నిలబడ్డాకే బీమా మొత్తం 15 లక్షలకు పెరిగింది. మనల్ని మోసుకెళ్లేవాళ్లు అడగడానికి అన్ని ప్రాణాలు పోవాలా?

ట్రెక్_నడిపే_విశాఖ | సోమవారం రాత్రి 8:30

శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉన్న ఎవరికైనా ఇస్తాం అక్కా, రేటులో తేడా ఉంటుంది. మెడిక్ పోర్టర్లను కూడా చూడాలని రాస్తాం. మందులు 18 మందికి కాదు, సిబ్బందితో కలిపి లెక్కేసి కొంటాం. ఒప్పందం ముసాయిదా బుధవారానికి ఇక్కడే పెడతాను. వకీలు గారు ఒకసారి చూసి సరిదిద్దాలి.

వకీలు_గుంటూరు | సోమవారం రాత్రి 8:41

తప్పకుండా చూస్తాను. బీమా పాలసీ నకలు జతచేయడం మర్చిపోకండి.

హౌస్‌సర్జన్_కర్నూలు | సోమవారం రాత్రి 9:05

అక్కా, ఆ సంస్థకు రానని మెసేజ్ పెట్టాను. “నీ వెనక ఇంకా ముప్పై మంది ఉన్నారు” అని జవాబు వచ్చింది. ఆ ముప్పై మందీ ఈ చర్చ చదివితే బాగుండు. మా కాలేజీ గ్రూపులో లింక్ పెట్టాను.

క్యాజువాలిటీ_హన్మకొండ | మంగళవారం ఉదయం 8:20

లోబుచే లాడ్జి యజమాని వాట్సాప్‌లో దొరికారు. ఆ ఇద్దరు పోర్టర్లు మళ్లీ ఇంకో బృందంతో పైకి వెళ్లారట. వాళ్ల పూర్తి పేర్లు, ఊరు రాసి పంపారు. ఒకాయనకు ఆ రాత్రి నుంచి మోకాలు నొప్పి తగ్గలేదని చెప్పారు. ఆ రాత్రి కూలీ, ఆ మోకాలి వైద్యం ఖర్చు, నా మందుల బిల్లు మూడూ ఒకే కాగితం మీద రాసి, ముందు వాళ్ల పేర్లు, కింద నా పేరు పెట్టి సంస్థకు ఇప్పుడే మెయిల్ పంపాను. జవాబు వస్తే ఇక్కడే చెప్తాను.